పత్రరంధ్రం తెరిచే వేళ: మెట్ట పైర్లలో కర్బనానికి చెల్లించే నీటి వెల

వర్షాధార సేద్యంలో నీటిని గురించిన చర్చ సాధారణంగా మేఘంతో మొదలై నేలతో ముగుస్తుంది. ఎంత వాన కురిసింది, నేల ఎంత తేమను పట్టి ఉంచింది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే పైరు పరిస్థితి తెలిసినట్లేనని భావించడం కద్దు. అయితే నేల పట్టి ఉంచిన నీటిని ఏ వేళ, ఎంత, దేనికోసం ఖర్చు చేయాలో నిర్ణయించేది ఆకు మీద ఉండే కంటికి కనిపించని పత్రరంధ్రం. వేరు పీల్చిన నీటిలో మొక్క దేహంలో నిలిచేది స్వల్పభాగం మాత్రమే. నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఈ రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. ఈ ఖర్చు వృథా కాదు. దానికి ప్రతిఫలంగా మొక్కకు గాలిలోని కర్బనం లభిస్తుంది. ఆ మారకం ఏ వేళ లాభసాటిగా ఉంటుందో గ్రహిస్తే నీటి తడి, పిచికారి, కలుపుతీత, రకం ఎంపిక వంటి సలహాలకు గట్టి ఆధారం ఏర్పడుతుంది.

ఆకు శ్వాసించడం అంటే ఏమిటి?

ఆకులు పత్రరంధ్రాల ద్వారా శ్వాసిస్తాయని వాడుకలో చెబుతారు. ఈ మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. శ్వాసక్రియ ప్రతి సజీవ కణంలోనూ, ప్రధానంగా మైటోకాండ్రియాలలో, పగలూ రాత్రీ జరిగే రసాయన చర్య. దానిలో చక్కెరలు ఆక్సీకరణం చెంది శక్తి విడుదలవుతుంది. పత్రరంధ్రాలు చేసేది వాయువుల రాకపోకలకు దారి ఇవ్వడం. పగటివేళ ఆ దారిలో కార్బన్ డయాక్సైడ్ లోపలికి, ఆక్సిజన్, నీటి ఆవిరి వెలుపలికి పోతాయి. జంతువుల ఊపిరితిత్తులవలె గాలిని లోపలికి లాగి, బయటకు నెట్టే యంత్రాంగం ఆకులో లేదు. వాయువులు గాఢత ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వ్యాపనం చెందుతాయి. మొక్క చేయగలిగినదల్లా ద్వారాన్ని తెరవడం, ఓరగా ఉంచడం, మూయడం మాత్రమే.

నిర్మాణం, అమరిక

మార్సెల్లో మాల్పీగీ, నెహెమియా గ్రూ అనే శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దంలోనే సూక్ష్మదర్శిని సాయంతో ఆకుల మీది రంధ్రాలను వర్ణించారు. రక్షక కణాల స్ఫీత పీడనంలో వచ్చే మార్పు వల్ల రంధ్రం తెరుచుకొని మూసుకొంటుందని 1856లో హ్యూగో ఫాన్ మోల్ వివరించాడు. పత్రరంధ్రం ఒక్కొక్కటి సాధారణంగా 10 నుంచి 40 మైక్రాన్ల పొడవు మాత్రమే ఉంటుంది. చాలా పైర్లలో ఒక చదరపు మిల్లీమీటరు ఆకు వైశాల్యంలో 50 నుంచి 300 వరకు రంధ్రాలు కనిపిస్తాయి.

ద్విదళబీజ మొక్కలలో రక్షక కణాలు చిక్కుడు గింజ ఆకారంలోను, జొన్న, వరి, సజ్జ వంటి గడ్డిజాతి పైర్లలో డంబెల్ ఆకారంలోను ఉంటాయి. డంబెల్ ఆకారపు కణాలు పక్కనున్న అనుబంధ కణాలతో లవణాలను ఇచ్చిపుచ్చుకొని వేగంగా స్పందించగలవు. మేఘం అడ్డుపడి తొలగినంత కొద్ది సమయంలోనే రంధ్రాన్ని సవరించుకోగల ఈ నేర్పు గడ్డిజాతి పైర్లకు మేలు చేసే గుణం. మామిడిలో రంధ్రాలు ఆకు అడుగు వైపునే ఉంటాయి. వేరుశనగ, వరి, మొక్కజొన్న ఆకులకు రెండు వైపులా ఉంటాయి. నీటిపై తేలే కలువ ఆకుకు పైవైపునే ఉంటాయి. గన్నేరులో అవి ఆకు అడుగున నూగుతో నిండిన గుంటలలో దాగి ఉంటాయి. మొక్క జీవించే తావును బట్టి రంధ్రాల స్థానం మారుతుందనడానికి ఇవి ఉదాహరణలు.

రంధ్రాలన్నీ పూర్తిగా తెరిచినా వాటి మొత్తం వైశాల్యం ఆకు వైశాల్యంలో ఒకటి రెండు శాతానికి మించదు. అయినా వాటి గుండా పోయే ఆవిరి, అంతే వైశాల్యం గల నీటి ఉపరితలం నుంచి పోయే ఆవిరిలో సగాన్ని కూడా మించవచ్చు. ఈ వైచిత్రికి కారణాన్ని 1900లో బ్రౌన్, ఎస్కోంబ్ వివరించారు. అతి చిన్న రంధ్రం గుండా జరిగే వ్యాపనం దాని వైశాల్యాన్ని కాక వ్యాసాన్ని అనుసరిస్తుంది. వాయువు రంధ్రపు అంచుల నుంచి పక్కలకు కూడా విస్తరించడమే ఇందుకు హేతువు. కనుక పెద్ద ద్వారాలు కొన్నింటికంటే చిన్న ద్వారాలు అనేకం ఉండటం మొక్కకు ప్రయోజనకరం.

తెరుచుకొనే, మూసుకొనే విధానం

ఉదయకాంతిలోని నీలి కిరణాలను రక్షక కణాలలోని ఫోటోట్రోపిన్‌లు గ్రహిస్తాయి. వెంటనే కణపొరలోని ప్రోటాన్ పంపులు పనిచేసి హైడ్రోజన్ అయాన్లను వెలుపలికి పంపుతాయి. కణం లోపల ఏర్పడిన రుణావేశం పొటాషియం అయాన్లను లోపలికి ఆకర్షిస్తుంది. వాటితో పాటు క్లోరైడ్, మాలేట్ అయాన్లు చేరి కణరసం చిక్కబడుతుంది. ద్రవాభిసరణం ద్వారా నీరు లోనికి వచ్చి కణం ఉబ్బుతుంది. రంధ్రం వైపు గోడ మందంగా ఉండటం, సెల్యులోజ్ పోగులు కణం చుట్టూ అడ్డంగా బిగిసి ఉండటం వల్ల ద్విదళబీజాలలోని రక్షక కణాలు లావెక్కలేక విల్లువలె వంగుతాయి. వాటి నడుమ రంధ్రం తెరుచుకొంటుంది.

నేల ఆరినప్పుడు ఈ క్రమం తిరగబడుతుంది. వేర్లలోను, ఆకులలోను అబ్సిసిక్ ఆమ్లం అధికమవుతుంది. అది రక్షక కణాలను చేరగానే అయాన్లు వెలుపలికి పోతాయి, నీరు వాటిని అనుసరిస్తుంది, కణాలు మెత్తబడి రంధ్రం మూసుకొంటుంది. గాలిలో తేమ తగ్గినా, ఆకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా, చీకటి పడినా మూసుకోవడం జరుగుతుంది. కనుక మూసుకొన్న పత్రరంధ్రాన్ని దెబ్బతిన్న అవయవంగా పరిగణించరాదు. అది మొక్క ఆజ్ఞకు లోబడి జరిగే చర్య.

కర్బనం వెల: ఒక లెక్క

ఆకు లోపలి గాలి తేమతో దాదాపు సంతృప్తమై ఉంటుంది. బయటి గాలి పొడిగా ఉన్నకొద్దీ ఈ రెండింటి మధ్య బాష్ప పీడన వ్యత్యాసం పెరుగుతుంది. ఆకు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతతో సమానమని అనుకొని రెండు వేళలను పోల్చవచ్చు.

ఉదయం ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 70 శాతం ఉన్నప్పుడు సంతృప్త బాష్ప పీడనం 4.24 కిలోపాస్కల్‌లు, వ్యత్యాసం 1.27 కిలోపాస్కల్‌లు, అనగా 1,270 పాస్కల్‌లు. మధ్యాహ్నం 40 డిగ్రీలు, 30 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు సంతృప్త బాష్ప పీడనం 7.38 కిలోపాస్కల్‌లు, వ్యత్యాసం సుమారు 5,170 పాస్కల్‌లు. ఇక కార్బన్ డయాక్సైడ్ సంగతి చూస్తే, బయటి గాలిలో దాని పీడనం సుమారు 42 పాస్కల్‌లు. వేరుశనగ వంటి సి-3 పైరు ఆకు లోపల అది బయటి పీడనంలో దాదాపు 70 శాతం ఉంటుంది కాబట్టి వ్యత్యాసం 13 పాస్కల్‌లకు మించదు. పైగా నీటి ఆవిరి కార్బన్ డయాక్సైడ్ కంటే 1.6 రెట్లు వేగంగా వ్యాపనం చెందుతుంది.

ఈ అంకెలను కలిపి లెక్కిస్తే ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించడానికి ఉదయం సుమారు 155 నీటి అణువులు, మధ్యాహ్నం సుమారు 635 నీటి అణువులు చెల్లించవలసి వస్తుంది. అదే ఆకు, అదే రంధ్రం. సరుకు మారలేదు, వెల మాత్రం నాలుగు రెట్లయింది. మధ్యాహ్నం రంధ్రాన్ని ఓరగా మూసుకొనే పైరు నిజానికి సరుకు ప్రియమైన వేళ కొనుగోలు తగ్గించుకొంటున్నది.

దీనికి తోడు మరొక అనుకూలత ఉంది. ఆవిరికి ప్రధాన అడ్డంకి రంధ్రమే. కార్బన్ డయాక్సైడ్‌కు రంధ్రంతో పాటు పత్రాంతర కణజాలంలోని కణకవచాలు, కణద్రవం కూడా అడ్డంకులు. అందువల్ల రంధ్రం కొంత ఓరగా మూసినప్పుడు నీటి నష్టం తగ్గినంతగా కర్బన సంపాదన తగ్గదు. అయితే పూర్తిగా మూసుకొంటే రెండూ ఆగిపోతాయి. ఓరగా మూయడం పొదుపు. గంటల తరబడి, రోజుల తరబడి పూర్తిగా మూసి ఉంచడం పస్తు. ఈ రెండింటి తేడాను పొలంలో గుర్తించడమే విస్తరణ శాస్త్రజ్ఞునికి అవసరమైన నేర్పు.

వేరుశనగ, జొన్న: రెండు మార్గాలు

అనంతపురం ప్రాంతపు ఎర్రనేలలు లోతు తక్కువ, తేమను పట్టే శక్తి తక్కువ. నైరుతి రుతుపవన కాలంలో వర్షచ్ఛాయలో ఉండే ఈ ప్రాంతంలో వానల మధ్య బెట్ట, దానికి తోడు బలమైన గాలి సాధారణం. ఇక్కడ వేరుశనగ నిలదొక్కుకోవడానికి పత్రరంధ్రాల నియంత్రణ ఒక కారణం. తేమ తగ్గగానే ఈ పైరు రంధ్రాలను కుదించుకొంటుంది. ఆకులను ఎండకు సమాంతరంగా తిప్పి, పత్రకాలను ముడుచుకొని గ్రహించే వేడిని కూడా తగ్గించుకొంటుంది. వర్షం పడగానే తిరిగి తేరుకొంటుంది. పూతకు ముందు దశలో వచ్చే స్వల్ప బెట్ట, ఆ తరువాత తగిన తేమ లభిస్తే, దిగుబడిని తగ్గించకపోగా కొంత పెంచినట్లు పరిశోధనలలో వెల్లడైంది. శాఖీయ పెరుగుదల అదుపులో ఉండటం, తేమ అందిన పిమ్మట పూత, ఊడలు ఒకేసారి రావడం ఇందుకు దోహదం చేస్తాయి. ఊడలు దిగే దశలోను, కాయ ఊరే దశలోను అదే బెట్ట వస్తే ఫలితం భిన్నం. పై పొర ఆరి గట్టిపడితే ఊడలు నేలలోకి దిగలేవు. అదే సమయంలో రంధ్రాలు మూసుకొని కాయకు చేరవలసిన చక్కెరలు తయారు కావు.

జొన్న సి-4 పైరు. కార్బన్ డయాక్సైడ్‌ను గాఢపరచే ప్రత్యేక యంత్రాంగం ఉన్నందువల్ల ఆకు లోపల దాని పీడనం బయటి పీడనంలో 40 శాతం వరకు తగ్గినా కిరణజన్య సంయోగక్రియ చక్కగా సాగుతుంది. రంధ్రాన్ని తక్కువగా తెరిచి ఎక్కువ కర్బనాన్ని రాబట్టగలగడం దీని ఫలితం. స్థూలంగా ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు సి-3 మొక్కలు 400, సి-4 మొక్కలు 150, రాత్రివేళ రంధ్రాలు తెరిచే అనాస, బ్రహ్మజెముడు వంటి క్యామ్ మొక్కలు 50 నీటి అణువులను వ్యయం చేస్తాయి. జొన్న ఆకు బెట్టలో చుట్టుకొనడం, కణరసాన్ని చిక్కబరచుకొని స్ఫీతాన్ని నిలుపుకోవడం దానికి అదనపు రక్షణలు.

సజ్జలో మరొక ముఖ్య విషయం తేలింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధనలలో, పంట చివరి దశ బెట్టను తట్టుకొనే వంశాలు నేలలో తేమ సమృద్ధిగా ఉన్నప్పుడే మధ్యాహ్నపు పొడిగాలికి బాష్పోత్సేకాన్ని పరిమితం చేసుకొన్నట్లు కనుగొన్నారు. ఆ విధంగా పిల్లపైరు దశలో మిగిలిన నీరు గింజ గట్టిపడే దశలో అక్కరకు వస్తుంది. గింజకట్టే దశలో అందిన కొద్ది నీరైనా తొలిదశలో ఖర్చయిన నీటికంటే విలువైనదని దీనివల్ల స్పష్టమవుతుంది.

మధ్యాహ్నపు వాడును అర్థం చేసుకొనడం

మధ్యాహ్నం రెండు గంటలకు వాలిన పైరును చూసి వెంటనే నీరు పెట్టడం, లేదా బెట్ట తీవ్రంగా ఉందని నివేదించడం తరచు జరుగుతుంది. నిర్ణయానికి ముందు కింది పరిశీలనలు చేయాలి.

1. సాయంత్రానికి ఆకులు తేరుకొంటే అది తాత్కాలిక వాడు. నేలలో తేమ ఉన్నా, వేర్లు అందించే వేగాన్ని ఆవిరి వేగం మించడం వల్ల ఇది కలుగుతుంది.

2. మర్నాడు ఎండ ఎక్కకముందే, ఎనిమిది గంటల వేళకు కూడా ఆకులు వాలి ఉంటే నేలలో తేమ లోపించిందని గ్రహించాలి. వేరుశనగ పత్రకాలు రాత్రి సహజంగానే ముడుచుకొంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు చేసిన పరిశీలన దారి తప్పించవచ్చు.

3. పరారుణ ఉష్ణమాపకంతో మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల మధ్య పైరు ఉష్ణోగ్రతను కొలవాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి అవసరం. కనుక పొడి వాతావరణంలో రంధ్రాలు తెరిచి ఉన్న పైరు గాలికంటే చల్లగా ఉంటుంది. గాలితో సమానంగా లేదా అంతకంటే వేడిగా ఉంటే రంధ్రాలు చాలావరకు మూసుకొన్నట్లు.

ఈ మూడవ అంశం పూతదశలో కీలకం. వరి పూత విచ్చుకొనే వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే తాలు గింజలు పెరుగుతాయి. రంధ్రాలు మూసుకొన్న పైరు తనను తాను చల్లబరచుకోలేదు. అందుచేత ఈ దశలో నీటి పొదుపు కంటే పైరు చల్లదనానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

సాగు పద్ధతులకు అన్వయం

ఒక ఎకరం పైరు రోజుకు 5 మిల్లీమీటర్ల నీటిని ఖర్చు చేస్తే అది సుమారు 20,000 లీటర్లు. ఇందులో నేల ఉపరితలం నుంచి ఆవిరయ్యే భాగం పైరుకు ఏ కర్బనాన్నీ తెచ్చిపెట్టదు. పత్రరంధ్రం గుండా పోయే భాగమే దిగుబడిగా మారుతుంది. కాబట్టి యాజమాన్యపు లక్ష్యం బాష్పోత్సేకాన్ని తగ్గించడం కాదు. నేల మీది ఆవిరిని తగ్గించి ఆ నీటిని పైరు రంధ్రాలకు మళ్లించడం. తగిన మొక్కల సాంద్రతతో త్వరగా నేలను కప్పే పైరు, గుంటక తోలి పైపొరను గుల్లగా ఉంచడం, పంట వ్యర్థాలతో ఆచ్ఛాదన కల్పించడం ఈ పనికే ఉపకరిస్తాయి. కలుపు మొక్కకు కూడా పత్రరంధ్రాలు ఉన్నాయి. సకాలంలో తీసిన కలుపు పైరుకు పెట్టిన తడితో సమానం.

పత్తి, మొక్కజొన్న వంటి పైర్లలో సాలు విడిచి సాలుకు నీరు పెట్టే పద్ధతికి ఆధారం కూడా పత్రరంధ్రమే. ఆరిన వైపు వేర్లు పంపే సంకేతంతో రంధ్రాలు కొంత కుదించుకొంటాయి. తడిసిన వైపు వేర్లు అవసరమైన నీటిని అందిస్తాయి. మరుసటి తడిలో సాళ్లను మార్చాలి. నీరు పక్కలకు పాకని ఇసుక నేలల్లో ఈ పద్ధతిని సిఫారసు చేసేముందు ఆలోచించాలి.

రక్షక కణాల కదలికకు పొటాషియం మూలాధారం. పొటాష్ లోపించిన పైరులో రంధ్రాలు మందకొడిగా తెరుచుకొని, మందకొడిగా మూసుకొంటాయి. అందువల్ల భూసార పరీక్ష ఆధారంగా పొటాష్ వేయడం బెట్ట యాజమాన్యంలో కూడా భాగమే.

బాష్పోత్సేక నిరోధకాల విషయంలో జాగ్రత్త అవసరం. రంధ్రాలను మూసే ఫినైల్ మెర్క్యురిక్ అసిటేట్ పాదరసం గల విషపదార్థం. దానిని పాఠ్యాంశంగా తప్ప సిఫారసుగా పరిగణించరాదు. ఆకుపై పొరను ఏర్పరచే పదార్థాలు ఆవిరితో పాటు కర్బనాన్ని కూడా అడ్డుకొంటాయి. కెయోలిన్ వంటి తెల్లని పదార్థాలు ఎండను పరావర్తనం చేసి ఆకు వేడిని తగ్గిస్తాయి కాబట్టి ఈ మూడింటిలో మేలైనవి. ఏవైనా పైరును బ్రతికించే సాధనాలే గాని దిగుబడిని పెంచేవి కావు.

పోషకాల పిచికారీకి ఉదయం, సాయంత్రం వేళలు అనువైనవి. ద్రావణం తెరిచిన రంధ్రాలలోకి నేరుగా పోతుందని భావించడం సరికాదు. తలతన్యత వల్ల నీటి బిందువు సాధారణంగా రంధ్రంలోకి చొరబడలేదు. పోషకం ఎక్కువగా అవభాసిని ద్వారానే చేరుతుంది. అందుకు ఆకు కొంతసేపు తడిగా ఉండాలి. మధ్యాహ్నపు ఎండలో బిందువు క్షణాల్లో ఆరి లవణం ఆకుపైనే మిగిలి, ఆకు మాడే ప్రమాదం ఉంది.

తెగుళ్ల కారకాలకు మాత్రం ఈ ద్వారం అందుబాటులోనే ఉంటుంది. వేరుశనగ తుప్పు తెగులు శిలీంధ్రపు మొలక నాళం పత్రరంధ్రం గుండా ప్రవేశిస్తుంది. పత్తిలో బాక్టీరియా మచ్చ తెగులు, వరిలో బాక్టీరియా ఆకుచార తెగులు కూడా ఈ దారినే వస్తాయి. వరి బాక్టీరియా ఎండాకు తెగులు మాత్రం ఆకు అంచున ఉండే జలరంధ్రాలు, గాయాల ద్వారా వస్తుంది. ఆకు ఎక్కువసేపు తడిగా ఉన్నప్పుడు ఈ తెగుళ్లు విజృంభించడానికి ఇది ఒక కారణం.

విద్యార్థులు చేయదగిన పరిశీలనలు

ఆకుపై పారదర్శకమైన గోళ్ల రంగును పలుచగా పూసి, ఆరిన తరువాత పారదర్శక టేపుతో ఊడదీసి గాజుపలకపై అతికిస్తే రంధ్రాల అచ్చు సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. వేరుశనగ, జొన్న, మామిడి ఆకుల రెండు వైపులా అచ్చులు తీసి చదరపు మిల్లీమీటరుకు రంధ్రాలను లెక్కించవచ్చు. నీలిరంగు కోబాల్ట్ క్లోరైడ్ కాగితాన్ని ఆకుకు ఆనించి గాజుపలకలతో బిగిస్తే, తేమ తగిలి గులాబీ రంగుకు మారడానికి పట్టిన సమయం బాష్పోత్సేక వేగాన్ని సూచిస్తుంది. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం అయిదు గంటలకు తడి పెట్టిన మడిలోను, పెట్టని మడిలోను ఈ పరిశీలన చేసి నమోదు చేస్తే పైరు దినచర్య స్వయంగా బోధపడుతుంది.

మారుతున్న వాతావరణంలో

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో సుమారు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు పది లక్షలకు 420 పాళ్లు దాటింది. హెర్బేరియంలలో భద్రపరచిన ఆకులను పరిశీలించిన వుడ్‌వర్డ్, కొన్ని వృక్షజాతులలో రెండు శతాబ్దాల కాలంలో రంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గినట్లు 1987లో ప్రకటించాడు. తక్కువ రంధ్రాలు ఉండేలా రూపొందించిన ఐఆర్ 64 వరి మొక్కలు మొలకెత్తిన నాలుగు, అయిదు వారాల మధ్య సాధారణ మొక్కలు వాడే నీటిలో 60 శాతమే వాడినట్లు 2019లో వెలువడిన పరిశోధన తెలుపుతున్నది. ఈ మార్గం ఆశాజనకమే. అయినా రంధ్రాలు తగ్గితే పైరు చల్లబడే శక్తి కూడా తగ్గుతుంది. నీటి ఎద్దడి, అధిక ఉష్ణోగ్రత ఒకేసారి వచ్చే మెట్ట ప్రాంతాలలో ఏ గుణం ఎంత మేరకు అవసరమో పొలంలోనే తేల్చవలసి ఉంటుంది.

ముగింపు

పత్రరంధ్రం మూసుకొంటే నీరు మిగులుతుంది, తెరుచుకొంటే దిగుబడి వస్తుంది. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు సమాధానం పైరు దశను, రోజులోని వేళను బట్టి మారుతుంది. తొలిదశలో మధ్యాహ్నపు మూత పైరు చేసే పొదుపు. దానిని చూసి కలవరపడనవసరం లేదు. వేరుశనగలో ఊడలు దిగి కాయ ఊరే దశలోను, జొన్న, సజ్జలలో గింజ గట్టిపడే దశలోను ఉదయం వేళ కూడా రంధ్రాలు తెరుచుకోని స్థితి రానీయరాదు. చెరువులోనో, సేద్యపు కుంటలోనో ఒక్క తడికి సరిపడా నీరు మాత్రమే ఉన్న రైతుకు ఆ తడిని ఎప్పుడు పెట్టాలో చెప్పడానికి ఇంతకంటే నమ్మదగిన ఆధారం లేదు.